కారు లోపలి ప్లాస్టిక్‌కి ఇంట్లోనే రంగేసుకోవడం ఎలా (ఒకసారి చెడగొట్టుకున్నాక రాస్తున్నా)

మా డిజైర్ లోపల కింద సగం అంతా బీజ్ కలర్. కొన్నప్పుడు మా అమ్మ "లోపల ఎంత వెలుగ్గా ఉందిరా" అని తెగ మురిసిపోయింది గానీ పదేళ్ళు తిరిగేసరికి ఆ వెలుగు కాస్తా పోయింది. డోర్ ప్యాడ్‌ల (తలుపు లోపలి వైపు ఉండే ప్లాస్టిక్ పలకల) కింద చెప్పుల గీతలు, చెయ్యి ఆనించే చోట చెమట జిడ్డు, పైగా ఒకసారి దుర్గమ్మ గుడి నుంచి వస్తుంటే కుంకుమ పొట్లం విడిపోయి డోర్ పాకెట్‌లో పడింది, అది ఆ గరుకు ప్లాస్టిక్ సందుల్లోకి వెళ్ళి కూర్చుంది, ఎన్ని పెట్టి తోమినా గులాబీ రంగు మచ్చ మాత్రం పోలా. అమ్మవారి కుంకుమ కదా ఉండనీ అంటుంది అమ్మ. నాకేమో కారెక్కినప్పుడల్లా కన్ను అక్కడికే పోయేది.

సరే రంగేసేద్దాం అనుకుని రెండేళ్ళ క్రితం మే నెలలో, అంటే బెజవాడలో మనిషే కరిగిపోయే టైంలో, షాపుకెళ్ళి ఒక స్ప్రే డబ్బా తెచ్చి, డోర్‌కి ప్యాడ్ ఉండగానే చుట్టూ న్యూస్ పేపర్లు అంటించి బుస్సుమని కొట్టేశా. ఆ రాత్రి చూస్తే కొత్త కారే. మూన్నాళ్ళ ముచ్చట. మూడో వారానికి నాన్న ఉంగరం తగిలిన చోట చిన్న పెచ్చు లేచింది, దాన్ని గోరుతో లాగితే ఉల్లిపొర వచ్చినట్టు జానెడు పొర చేతికొచ్చింది.

ఆ ప్యాడ్ ఊడదీసుకుని ఆటోనగర్‌లో డెంటింగ్ పెయింటింగ్ చేసే ఒక మేస్త్రి దగ్గరికి పట్టుకెళ్ళా. ఆయన బొటనవేలుతో ఒకసారి రుద్ది, వాసన చూసి, "దీనికి వారం వారం పాలిష్ కొడతావా బాబూ" అన్నాడు. అవునండీ అన్నా, ఆదివారం ఆదివారం నిమ్మకాయ వాసనొచ్చే డ్యాష్‌బోర్డ్ పాలిష్ కొట్టేవాణ్ణి మరి. "అదే, నువ్వు ప్లాస్టిక్‌కి ఎక్కడ వేశావ్, పాలిష్‌కి వేశావ్" అని నవ్వాడు. ఆ పాలిష్‌లో ఉండేది సిలికాన్. అది ఉన్న చోట రంగు పట్టదు, పట్టినట్టు కనపడుద్ది అంతే, లేదా వేసేటప్పుడే చేప కళ్ళలాగా గుండ్రటి చిల్లులు పడతాయి. ఆయన చెప్పింది, ఆ తర్వాత నేను చేసుకుంటూ తెలుసుకుంది కలిపి ఇక్కడ రాస్తున్నా. రెండోసారి వేసింది ఇప్పటికీ ఉంది.

ముందు ఒక మాట, డై అనీ పెయింట్ అనీ రెండు పేర్లు వినపడతాయి. బట్టలకి అద్దకం వేసినట్టు రంగు లోపలికి ఇంకిపోద్దని అనుకుంటారు చాలామంది. కార్ల కోసం వినైల్ డై, ప్లాస్టిక్ డై అని అమ్మేవి నిజానికి బాగా పలచటి పెయింట్లే, వాటిలో ఉండే సాల్వెంట్ ప్లాస్టిక్ పైపొరని కొంచెం మెత్తబరిచి రంగు అక్కడ పట్టుకునేలా చేస్తుంది. పలచగా ఉండటం వల్ల లాభం ఏంటంటే ప్లాస్టిక్ మీద తోలు లాంటి గీతలు ఉంటాయి చూడండి, అవి పూడిపోవు. మామూలు గేటుకి కొట్టే ఎనామిల్ స్ప్రే కొడితే అవన్నీ పూడుకుపోయి బకెట్‌లా తయారవుద్ది. కాబట్టి డబ్బా మీద ప్లాస్టిక్‌కి లేదా వినైల్‌కి అని ఉందో లేదో చూసి, మ్యాట్ (మెరుపు లేనిది) గానీ శాటిన్ (కొద్దిగా మెరిసేది) గానీ తీసుకోండి. గ్లాసీ, అంటే తళతళా మెరిసే ఫినిష్ జోలికి పోకండి. ముఖ్యంగా డ్యాష్‌బోర్డ్ పైభాగానికి మెరిసే రంగు వేస్తే ఎండలో దాని నీడ ముందు అద్దంలో పడి రోడ్డు కనపడదు.

రంగు ఎంచుకునేటప్పుడు లేత నుంచి ముదురుకి వెళ్ళడం సులువు. బీజ్ మీద నలుపో ముదురు బూడిదో అయితే 3 కోట్లలో, అంటే 3 పొరల్లో కప్పేస్తుంది. నలుపుని బీజ్ చేద్దామంటే మాత్రం 5, 6 కోట్లు కొడుతూనే ఉండాలి, అంత మందం అయ్యాక గీత పడిందంటే కింద నలుపు కొట్టొచ్చినట్టు కనపడుద్ది. నేను నలుపు వేశా. లోపల ఎండకి ఇంకాస్త వేడెక్కుతుందని నాన్న సణిగాడు, సన్‌షేడ్ పెట్టుకుంటే సరిపోద్దని చెప్పా, ఆయన ఇంకా ఒప్పుకోలేదు.

ఇక ఏ ప్లాస్టికో తెలుసుకోవాలి. ప్యాడ్ ఊడదీసి వెనక్కి తిప్పితే ఎక్కడో ఒక మూల రెండు బాణం గుర్తుల మధ్య అక్షరాలు అచ్చు పోసి ఉంటాయి. ఏబీఎస్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) అని ఉంటే అదృష్టం, దానికి రంగు బాగానే పడుతుంది. పీపీ అని ఉంటే అది పాలీప్రొపిలీన్, మన టిఫిన్ డబ్బాల ప్లాస్టిక్, దానికి ఏదీ అంత తేలిగ్గా అంటుకోదు, అడ్హీషన్ ప్రమోటర్ అనే పారదర్శకమైన కోటు ముందు కొట్టాల్సిందే. డోర్ ప్యాడ్‌లు చాలావరకు పీపీనే. పీపీ పక్కన టీ అని, 20 అని కూడా ఉందనుకోండి, అందులో 20 శాతం టాల్కం కలిపారని అర్థం. నీళ్ళలో వేస్తే పీపీ తేలుద్ది ఏబీఎస్ మునుగుద్ది అని ఒక చిట్కా చెప్తారు, అది నిజమే గానీ టాల్కం కలిపిన పీపీ కూడా మునిగిపోవచ్చు, అందుకని గుర్తు చూసుకోవడమే మేలు. గుర్తు దొరక్కపోతే పీపీ అనే అనుకుని ప్రమోటర్ కొట్టేయండి, ఏబీఎస్ మీద పడినా నష్టం లేదు.

వేయకూడని చోట్లు కూడా చెప్పేస్తా, ఇది మాత్రం సరదా కాదు. స్టీరింగ్ మధ్యలో, ఎడమ పక్క డ్యాష్‌బోర్డ్‌లో, కొన్ని కార్లలో పిల్లర్ల మీద, సీట్ల పక్కన ఎయిర్‌బ్యాగ్ అని అచ్చేసి ఉంటుంది చూడండి, ఆ మూతలకి రంగేయకండి. ఎయిర్‌బ్యాగ్ పేలినప్పుడు ఆ ప్లాస్టిక్ ఎక్కడ చిరగాలో ముందే పలచగా గాడి చేసి ఉంచుతారు, దాని మీద రంగు పొరలు పడితే చిరగడం తేడా రావొచ్చు, పెచ్చులు మొహం మీదకి ఎగరొచ్చు. అలాగే పసుపు రంగు కనెక్టర్లు కనపడితే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిని కదపొద్దు. వాటి దగ్గర పని తప్పదనుకుంటే బ్యాటరీ మైనస్ తీగ తీసేసి కనీసం 10 నిమిషాలు ఆగండి, కనెక్టర్ ఊడదీసి ఉన్నప్పుడు పొరపాటున కూడా ఇగ్నిషన్ ఆన్ చేయకండి, మీటర్లో ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలిగి కూర్చుంటుంది. డోర్ ప్యాడ్‌లు, గేర్ చుట్టూ ఉండే కన్సోల్, గ్లవ్ బాక్స్ మూత, డోర్ గడప మీద ఉండే పట్టీలు, వీటితో సరిపెట్టుకుంటే చాలు.

ఎప్పుడు వేయాలి అన్నది మన ఊళ్ళో పెద్ద ప్రశ్న. మే నెలలో, రోహిణి కార్తెలో డబ్బా నుంచి బయటికొచ్చిన రంగు ప్లాస్టిక్ మీద పడేలోపే గాల్లో ఆరిపోతుంది, చేత్తో రాస్తే ముగ్గుపిండి రాసినట్టు గరగరలాడుద్ది. నా మొదటి ప్రయత్నంలో అదీ జరిగింది. వానాకాలంలో ఇంకో బాధ, గాల్లో చెమ్మ ఎక్కువై రంగు తెల్లగా పాలిపోతుంది. కార్తీక మాసం దాటాక సంక్రాంతి వరకు హాయి. ఆ రోజుల్లో కూడా కృష్ణ పక్కన ఉండేవాళ్ళకి పొద్దున మంచు ఉంటుంది కాబట్టి 9 దాటి ఎండ పొడ వచ్చాక మొదలెట్టి 12 లోపు ముగించేయండి. నేను డిసెంబర్‌లో ఒక ఆదివారం మేడ మీద వేశా. సెల్లార్‌లో వేయకండి, మొదటిసారి నేను వేస్తే ఆ తుంపర పక్క ఫ్లాట్ ఆంటీ గారి తెల్ల యాక్టివా మీద వాలింది, ఆవిడకి కనపడకముందే క్లే బార్ (బండి పెయింట్ మీద పడ్డ మరకలు రుద్ది తీసే బంక ముద్ద) కొని రెండు గంటలు రుద్దుకున్నా. ఇది చదివితే ఆవిడకి తెలిసిపోద్ది, సరేలే.

ఊడదీయడం. మార్కెట్‌లో ప్లాస్టిక్ ట్రిమ్ టూల్స్ సెట్ దొరుకుతుంది, అది కొనుక్కోండి, స్క్రూడ్రైవర్‌తో పీకితే అంచులు నలిగిపోతాయి. చాలా కార్లలో డోర్ ప్యాడ్‌కి స్క్రూలు లాగే హ్యాండిల్ గుంటలో, లోపలి హ్యాండిల్ వెనక చిన్న మూత కింద దాక్కుని ఉంటాయి. అవి తీయకుండా లాగితే ప్యాడ్ విరుగుద్ది. స్క్రూలయ్యాక కింద మూల నుంచి టూల్ దూర్చి ఒక్కో క్లిప్ టప్‌మని వదిలేదాకా మెల్లగా, అంతా వదిలాక పైకి లేపాలి. ఒక్కసారి గుంజేయకండి, వెనకాల పవర్ విండో వైర్లు, లాక్ కేబుల్ ఉంటాయి. ప్రతి అడుగూ ఫోన్‌లో ఫోటో తీసుకోండి, స్క్రూలు పాత ఇడ్లీ ప్లేటులో గుంటకొకటి వేసుకుంటే ఏది ఎక్కడిదో తెలుస్తుంది. ప్యాడ్ వెనక తలుపుకి అంటించిన ప్లాస్టిక్ షీట్ ఉంటుంది, అది చిరిగితే వానాకాలంలో నీళ్ళు లోపలికొస్తాయి, జాగ్రత్త. క్లిప్పులు 3, 4 విరుగుతాయి, బాధపడకండి, ఆటోనగర్‌లో ఒకటి పట్టుకెళ్ళి చూపిస్తే అలాంటివే ఇస్తారు. గుంటూరు వాళ్ళకి కూడా స్పేర్ పార్ట్స్ షాపుల్లో దొరుకుతాయి.

ఇప్పుడు అసలు పని, కడగడం. రంగేయడం అరపూట పని అయితే కడగడం రోజంతా. ముందు గిన్నెలు తోమే లిక్విడ్ గోరువెచ్చటి నీళ్ళలో కలిపి మెత్తటి బ్రష్‌తో, పాత టూత్ బ్రష్‌తో ఆ గీతల సందుల్లోకి పోయేలా తోమాలి. నురగ మొదట కాఫీ రంగులో వస్తుంది, అది నాకే సిగ్గేసింది, అంత మురికి మధ్య కూర్చుని తిరిగామా అని. కడిగి ఆరబెట్టి మళ్ళీ తోమండి. నేను 3 సార్లు తోమా, మూడోసారి నురగ తెల్లగా వచ్చింది. అది ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్, షాపులో ఐపీఏ అని అడిగితే ఇస్తారు, దాన్ని నూలు పోగులు ఊడని గుడ్డకి తడిపి తుడవాలి. ఇక్కడ చిన్న కిటుకు, ఒక గుడ్డతో తడిగా రాసి అది ఆరకముందే రెండో పొడి గుడ్డతో తీసేయాలి, లేకపోతే సిలికాన్ మళ్ళీ అక్కడే పరుచుకుంటుంది. గుడ్డ ఎప్పటికప్పుడు మడత మార్చండి. థిన్నర్‌తో, పెట్రోల్‌తో తుడిస్తే త్వరగా పోద్ది కదా అని ఎవరైనా చెప్తే వినకండి, ఏబీఎస్ అయితే పైపొర కరిగి జిగురుగా అవుతుంది లేదా సన్నటి పగుళ్ళు వస్తాయి.

శుభ్రమైందో లేదో ఎలా తెలుసుద్ది? నీళ్ళు చల్లి చూడండి. తామరాకు మీద నీటి బొట్టులా ముత్యాలుగా నిలబడితే ఇంకా పాలిష్ ఉండొచ్చు. పలచగా పొరలా పరుచుకుంటే వదిలినట్టు. మా డ్రైవర్ పక్క ప్యాడ్‌లో హ్యాండ్ రెస్ట్ దగ్గర నాలుగోసారి తుడిచాక గానీ నీళ్ళు పరుచుకోలేదు, సరిగ్గా మొదటిసారి పెచ్చు లేచింది కూడా అక్కడే. పాత రంగు ఉంటే ముందు ప్యాకింగ్ టేప్ అంటించి చర్రున లాగుతూ వచ్చినంతా తీసేయండి, నాకు ముప్పావు వంతు అలాగే వచ్చేసింది.

తర్వాత రుద్దడం. గీతలున్న ప్లాస్టిక్‌కి వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) వాడితే గీతలు అరిగిపోతాయి, అక్కడ బూడిద రంగు స్కాచ్‌బ్రైట్ చాలు, మెరుపు పోయేదాకా. నున్నటి ముక్కలుంటే 600 నంబర్ వాటర్ పేపర్ నీళ్ళతో. లోతు గాట్లుంటే 320తో మొదలెట్టి 600కి రండి. మళ్ళీ కడగాలి, మళ్ళీ ఐపీఏ. ఇక్కణ్ణుంచి వట్టి చేత్తో ముట్టుకోకండి, వేలిముద్రల జిడ్డు కూడా జిడ్డే, గ్లౌజులు వేసుకోండి. గుడ్డ కుట్టిన భాగం ఉంటే మాస్కింగ్ టేప్ వేసి అంచుని పాత ఏటీఎం కార్డుతో సందులోకి నొక్కండి.

రంగు కొట్టే చోట నేల మీద నీళ్ళు చల్లితే దుమ్ము లేవదు. దగ్గర్లో దీపం, గ్యాస్ పొయ్యి, సిగరెట్ ఏవీ ఉండకూడదు. కరోనా టైం మాస్కులు ఈ వాసనకి పనికిరావు, ఎన్95 కూడా దుమ్మునే ఆపుద్ది, సాల్వెంట్ ఆవిరిని ఆపదు. పెయింటర్లు వాడే కార్ట్రిడ్జ్ మాస్క్ కొనుక్కోండి.

ప్రమోటర్ డబ్బా బాగా ఊపి రెండు పలచటి కోట్లు, తడి మెరిసీ మెరవనట్టు. దాని మీద రంగు ఎంతసేపట్లో పడాలో డబ్బా మీద రాసి ఉంటుంది, ఆ టైం దాటనివ్వకండి. మధ్యలో టిఫిన్‌కి పిలిచారని వెళ్ళకండి. ప్రమోటర్‌ని రుద్దే పని లేదు. రంగు డబ్బా లోపల గోళీ శబ్దం మొదలయ్యాక కూడా 2 నిమిషాలు ఊపండి. జానెడు దూరం, అంటే 20 నుంచి 25 సెంటీమీటర్లు, చెయ్యి ఆగకుండా ఈ చివర నుంచి ఆ చివరకి. నొక్కడం ప్యాడ్ బయటే మొదలెట్టాలి, వదలడం కూడా బయటే, లేకపోతే మొదలైన చోట బొట్లు పడతాయి. మొదటి కోటు చూసి కంగారు పడకండి, కింద బీజ్ కనపడుతూనే ఉంటుంది, మచ్చలు మచ్చలుగా, కుక్క ఒంటిమీద మచ్చల్లా. అలాగే ఉండాలి. దాన్ని కప్పేద్దామని దగ్గరకెళ్ళి కొట్టారో కారిపోతుంది. 10 నిమిషాలు ఆగి రెండోది, ఈసారి నిలువుగా, ఇంకో 10 నిమిషాలకి మూడోది అడ్డంగా. నాలుగు ప్యాడ్‌ల కింది భాగాలకి నాకు 400 మిల్లీలీటర్ల డబ్బాలు 3 పట్టాయి. షాపుల్లో బోస్నీ, ఏబ్రో లాంటివి దొరుకుతాయి, ఏదైనా ముందు ప్యాడ్ వెనక వైపు కొట్టి చూసుకుని అప్పుడు ముందుకు రండి.

రెండో కోటు తర్వాత ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక దోమ సరిగ్గా గ్లవ్ బాక్స్ మూత మధ్యలో వాలింది. కాళ్ళు అంటుకుని రెక్కలు కొట్టుకుంటోంది. చేత్తో తీయబోయా, అప్పటికే పెద్ద వేలిముద్ర పడేది, నాన్న వెనక నుంచి "ముట్టుకోమాకురా, ఆరనీ" అన్నాడు కాబట్టి సరిపోయింది. గంటాగి ఆరాక పట్టకారుతో లాగి, అక్కడ 800 నంబర్ పేపర్ తడిపి రెండు సార్లు ఒత్తీ ఒత్తకుండా తిప్పి, ఇంకో పలచటి కోటు కొట్టా. ఇప్పుడు ఎక్కడో నాకే తెలియదు. టేప్‌లు మాత్రం రంగు పూర్తిగా గట్టిపడకముందే, వెనక్కి మడిచి లాగండి, గట్టిపడ్డాక లాగితే అంచు కూడా దాంతో లేచొస్తుంది.

పైన క్లియర్ కోటు (రంగు లేని పారదర్శకమైన పొర) అవసరమా అంటే మ్యాట్ డోర్ ప్యాడ్‌లకి అక్కర్లేదు. చేతులు ఎక్కువ తగిలే స్విచ్ ప్యానెల్స్‌కి మ్యాట్ క్లియర్ ఒక కోటు కొడితే మంచిది. హార్డ్‌నర్ కలిపే 2కే క్లియర్ గట్టిగా ఉంటుంది నిజమే, కానీ అందులో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం, అది పెయింట్ బూత్ (రంగు కొట్టడానికే ఉన్న మూసిన గది) ఉన్న పెయింటర్‌కే వదిలేయండి.

ఆరబెట్టడం నీడలో. ముట్టుకుంటే అరగంటలో ఆరినట్టే ఉంటుంది, నమ్మకండి, కనీసం 24 గంటలు ఆగి బిగించండి, పూర్తిగా గట్టిపడటానికి వారం పైనే. బిగించే ముందు కనపడని అంచులో టేప్ గట్టిగా అంటించి లాగి చూడండి. రంగు టేప్‌కి రాకపోతే పాసయినట్టు.

గుంటూరు బ్రాడీపేటలో మా ఫ్రెండ్ ఒకడి కారులో ఇంకో రకం తెగులు. తలుపు హ్యాండిళ్ళు, ఏసీ బటన్ల చుట్టూ ముట్టుకుంటే బెల్లం పాకంలా చేతికి జిగురు. వాడు కూడా రంగేద్దామనే ఫోన్ చేశాడు. అది రంగేస్తే పోయేది కాదు, కంపెనీలో వేసిన మెత్తటి రబ్బరు లాంటి పూత వేడికీ చెమ్మకీ విడిపోయి జిగురవుతుంది. దాన్ని ఐపీఏతో తడిపి, గుడ్డతో, గోరు దూరని చోట చెక్క పుల్లతో ఓపిగ్గా మొత్తం తీసేస్తే కింద మామూలు నల్ల ప్లాస్టిక్ బయటపడుద్ది. వాడిది అలాగే వదిలేశాం, బానే ఉంది. బటన్ల మీద బొమ్మలు మాత్రం దాంతోపాటే తుడిచిపెట్టుకుపోవచ్చు, అక్కడ చూసుకుని చేయండి.

ఖర్చు టూల్స్, మాస్క్, డబ్బాలు, క్లిప్పులు అన్నీ కలిపి నాకు 3000 దాటలేదు. మిగిలిన డబ్బా కారులో మాత్రం ఉంచకండి, మన ఎండకి మూసిన కారులో పేలిపోవచ్చు. నాజిల్ మూసుకుపోకుండా డబ్బా తలకిందులు చేసి గాలి మాత్రమే వచ్చేదాకా నొక్కి ఇంట్లో చల్లటి చోట పెట్టండి. వేశాక నెల వరకు తడి గుడ్డే వాడండి, ఆ తర్వాత కూడా పాలిష్ కొట్టొద్దు. నేను ఆ నిమ్మకాయ పాలిష్ డబ్బా వాచ్‌మన్‌కి ఇచ్చేశా, వాడు లిఫ్ట్ తలుపులకి కొడుతున్నాడు. నాన్న ఉంగరం తగిలే చోట ఇప్పటికి ఒక గీత పడింది, పెచ్చు లేవలేదు. మూతలో కొంచెం రంగు కొట్టి అగ్గిపుల్లతో అద్దేశా.